గ్యాస్ ఎక్కడికి పోయింది?

హైదరాబాదుకి కొత్తగా వచ్చిన మా ఆఫీసు కుర్రాళ్ళు "ఏసీ గార్డ్స్" అన్న పేరు చూసి, ఏసీలకి కాపలా కాసేవాళ్ళు కాబోలని జోకులేసుకుంటూ ఉంటారు :) ఆ ఏసీకీ చల్లగాలికీ ఏ సంబంధమూ లేదు. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే ఆశ్వికదళం ఉండిన చోటు కాబట్టి ఆ పేరొచ్చింది. అలాంటి పేరే పాతబస్తీలో ఇంకోటుంది, బార్కస్. ఇంగ్లీషు 'బ్యారక్స్' జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిలు ఉండిన బ్యారక్సవి. వాళ్ళలో ఎక్కువమంది యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక ఆ సైన్యం రద్దయింది. కొందరిని తిప్పి పంపేశారు, మిగిలినవాళ్ళు ఇక్కడే చిన్నచిన్న పనులు వెతుక్కుని నిలదొక్కుకున్నారు. 1973 తర్వాత గల్ఫ్ దేశాల్లో చమురు డబ్బు పెరిగేసరికి, ఒకప్పుడు తాతలు నడిచొచ్చిన దారిలో మనవలు వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టారు, ఈసారి తుపాకీ పట్టడానికి కాదు, కూలికీ నౌకరీకీ. ఇవాళ బార్కస్ అంటే జామపళ్ళు, హరీస్, మండీ, రంగురంగుల లుంగీలు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, కారు ఏసీ గురించి నేను విన్న అతి తెలివైన మాట బార్కస్‌లోనే విన్నాను. మా టీములో ఒకాయన కారుకి ప్రతి మార్చిలో గ్యాస్ నింపించడం, జూన్ కల్లా మళ్ళీ వేడిగాలి రావడం రెండేళ్ళుగా ఆనవాయితీ. ఎవరో చెప్పారని చాంద్రాయణగుట్ట దాటి పహాడీ షరీఫ్ వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న షెడ్డుకి బయల్దేరుతూ నన్నూ తోడు రమ్మన్నాడు. అక్కడి పెద్దాయన పన్నెండేళ్ళు సౌదీలో కార్ల ఏసీలు బాగుచేసి వచ్చిన మనిషి. "భాయ్, గ్యాస్ అయిపోయింది, నింపాలి" అన్నాడు మావాడు. ఆయన గేజీల పెట్టె వైపు కూడా చూడకుండా, "ఏసీ గ్యాస్ పీతా నై సాబ్. కమ్ హువా బోలేతో కహీఁ సే జారా. కహాఁ సే జారా, వో దేఖ్‌నా పహ్లే" అన్నాడు. ఏసీ గ్యాసు తాగదు సాబ్, తగ్గిందంటే ఎక్కణ్ణుంచో పోతోంది, ఎక్కణ్ణుంచో ముందు చూడాలి అని.

మన భాషలో చెప్పుకోవాలంటే ఇది మెమరీ లీక్. రోజూ రాత్రి సర్వర్‌ని రీస్టార్ట్ చేసే క్రాన్ జాబ్ ఒకటి పెట్టేసి చేతులు దులుపుకోవచ్చు, లేదా కూర్చుని లీకెక్కడో పట్టుకోవచ్చు. మొదటిది చేసేవాణ్ణి మనం ఇంజనీరనం. మరి కారు విషయానికొచ్చేసరికి 'గ్యాస్ ఫిల్లింగ్' బోర్డులు సందుసందునా ఎందుకున్నాయి? చదువుకున్నవాళ్ళం కూడా పెట్రోలు కొట్టించినట్టు ఏటా గ్యాసు ఎందుకు కొట్టిస్తున్నాం? దీని వెనక చిన్న చరిత్ర ఉంది. అదే ఈ టపా.

నీళ్ళు తాగే చల్లదనం

ఏసీలు రాకముందు దక్కనులో ఎండాకాలం గడిచిందంటే అది వట్టివేళ్ళ తడికల పుణ్యం. గుమ్మానికి తడిక కట్టి నీళ్ళు చల్లుతుంటే, వేడిగాలి దానిలోంచి దూరి చల్లబడి లోపలికి వచ్చేది. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది, అంతే సూత్రం. మన ఎయిర్ కూలర్ కూడా తడికకి ఫ్యాను తగిలించినదే. కార్లకీ ఇలాంటివి ఉండేవి. అమెరికాలో ఎడారి రాష్ట్రాలవాళ్ళు 1930ల నుంచి 50ల దాకా కారు కిటికీకి గొట్టంలాంటి నీళ్ళ కూలర్ తగిలించుకుని తిరిగేవారు. పొడిగాలి ఉన్నచోటే ఇవి పనిచేస్తాయి. హైదరాబాదు మే నెలకి సరిపోతాయి, విశాఖపట్నంలో పనికిరావు.

కూలర్ నీళ్ళు తాగుతుంది. పొయ్యకపోతే చల్లదనం ఆగిపోతుంది. తరతరాలుగా మన బుర్రలో ఉన్న లెక్క ఇదే: చల్లదనం కావాలంటే ఏదో ఒకటి ఖర్చవ్వాలి, అయిపోతే మళ్ళీ పొయ్యాలి. ఏసీలోనూ ఆవిరయ్యే ద్రవమే చల్లబరుస్తుంది. కాకపోతే ఆ ఆవిరి బయటికి పోదు. కంప్రెసర్ దాన్ని నొక్కి, ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలించి మళ్ళీ ద్రవంగా మార్చి, డ్యాష్‌బోర్డు కింది కూలింగ్ కాయిల్‌కి పంపిస్తుంది. అదే గ్యాసు, అదే గుండ్రం, ఏళ్ళ తరబడి. కూలర్‌కి వాడిన బుద్ధినే ఏసీకీ వాడుతున్నాం కాబట్టే 'గ్యాస్ అయిపోయింది' అన్న మాట మనకి సహజంగా వినిపిస్తుంది.

బెల్టు పీకితేనే ఆగే ఏసీ

కంపెనీలోనే ఏసీ బిగించి అమ్మిన మొదటి కారు అమెరికాలోని ప్యాకార్డ్ వాళ్ళది. 1939 నవంబరులో షికాగో ప్రదర్శనలో పెట్టారు, ఏసీకి అదనంగా 274 డాలర్లు. కూలింగ్ కాయిల్ వెనక సీటు వెనకాల ఉండేది, డిక్కీలో చాలా చోటు అదే తినేసేది. కంప్రెసర్‌కి క్లచ్ లేదు. చలి వేస్తే డ్రైవరు కారాపి, బానెట్ ఎత్తి, బెల్టు పీకాలి :) 1941 తర్వాత ఆ సరదా మానేశారు.

1954లో న్యాష్ కంపెనీ మొత్తం సరంజామాని ముందుకి తెచ్చి, కంప్రెసర్‌కి అయస్కాంతపు క్లచ్ పెట్టింది. మన కథకి ఇది ముఖ్యం. ఏసీ స్విచ్ నొక్కగానే ముందు నుంచి వినిపించే 'టక్' అన్న చప్పుడు ఆ క్లచ్‌దే. మెకానిక్ చేతికి దొరికిన మొదటి ఆధారాల్లో అదొకటి. టక్ వినపడలేదంటే కరెంటు అందడం లేదు, లేదా క్లచ్ పోయింది, లేదా గ్యాసు మరీ తగ్గిపోయి రక్షణ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేసింది.

ఈ మూడోదాని దగ్గరే కొందరు ఘోరం చేస్తారు. ఆ స్విచ్‌ని చిన్న వైరు ముక్కతో దాటించి కంప్రెసర్‌ని తిప్పేస్తారు. కంప్రెసర్‌కి కావలసిన ఆయిల్ గ్యాసుతో పాటే గుండ్రంగా తిరుగుతుంది. గ్యాసు లేకపోతే ఆయిలూ తిరిగి రాదు, కంప్రెసర్ పట్టేస్తుంది. అలారం మోగుతోందని అలారం వైరు కత్తిరించడం లాంటిదే ఇది.

గాలిలోకి వదిలేసిన అరవై ఏళ్ళు

ఆ రోజుల్లో వాడిన గ్యాసు ఆర్-12. 1928లో జనరల్ మోటార్స్ కోసం థామస్ మిడ్జ్‌లీ బృందం దాన్ని ఎంచింది. విషం కాదు, మండదు అని నిరూపించడానికి 1930లో అమెరికా రసాయన శాస్త్రవేత్తల సభలో మిడ్జ్‌లీ ఆ గ్యాసుని గుండెల నిండా పీల్చి, వదిలిన ఊపిరితో కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. అంత నిరపాయమైనది, పైగా చవక. ఇంకేముంది, కారితే కారనీ అన్న అలవాటు పుట్టింది. పైపు విప్పాలంటే గ్యాసుని గాలిలోకి వదిలెయ్యడం, పనయ్యాక కొత్తది నింపడం. లీకు వెతికే గంట పని కంటే డబ్బా గ్యాసే చవక. ఏటా నింపే ఆచారం పుట్టింది ఈ లెక్కలోంచే.

అప్పుడు రోగం పట్టుకోవడానికి రెండు మంచి సాధనాలుండేవి. ఒకటి, లీకు దీపం. చిన్న మంటని రాగి ముక్క మీద ఆడించి, ఒక గొట్టంతో జాయింట్ల దగ్గరి గాలి పీల్పిస్తారు. ఆర్-12లో క్లోరిన్ ఉంది కాబట్టి లీకున్నచోట మంట ఆకుపచ్చగా మారుతుంది. రెండోది, పైపు దారిలో చిన్న గాజు కిటికీ. బుడగలు కనిపిస్తే గ్యాసు తక్కువని అర్థం. కంటితో చూసి చెప్పే విద్యలివి, చదువు రానివాడు కూడా నెలలో నేర్చుకోగలడు.

1974లో రోలండ్, మొలీనా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గ్యాసులు పైకెళ్ళి ఓజోన్ పొరని తినేస్తాయని రాశారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ దారుణంగా తరిగిపోతోందన్న కొలతలు బయటికొచ్చాయి. 1987లో మాంట్రియల్ ఒప్పందం, అందులో మన దేశం చేరింది 1992లో. మనదగ్గర 2003 జనవరి నుంచి కొత్త వాహనాల ఏసీల్లో ఆర్-12 వాడటం నిషేధం, 2008 ఆగస్టుకల్లా దాని ఉత్పత్తి కూడా ఆపేశారు. దాని చోట్లోకి ఆర్-134ఏ వచ్చింది.

గుడ్డిదైపోయిన దీపం

కొత్త గ్యాసు రావడంతో మెకానిక్కుల లోకం తలకిందులైంది. ఆర్-134ఏలో క్లోరిన్ లేదు, కాబట్టి దీపం రంగు మారదు. పాత ఆయిల్ ఈ గ్యాసుతో కలవదు, కొత్త ఆయిలేమో గాలిలో తేమని పీల్చేస్తుంది, సీసా మూత తెరిచి పెడితే పాడవుతుంది. గాజు కిటికీలో కనిపించే బుడగలు నమ్మదగ్గవి కాకుండా పోయాయి, చాలా కంపెనీలు ఆ కిటికీనే తీసేశాయి. పాతది ఇందులో, కొత్తది అందులో పడకుండా గ్యాసెక్కించే నోళ్ళ ఆకారం కూడా మార్చేశారు.

ఒక్కసారి ఆలోచించండి. ప్లాట్‌ఫామ్ మారింది, పాత డీబగ్గర్లు రెండూ పనికిరాకుండా పోయాయి. కొత్తవి ఉన్నాయి, ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్, అతినీలలోహిత దీపం కింద మెరిసే రంగు, నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష. కానీ అవన్నీ కొనాలి, నేర్చుకోవాలి. చిన్న షెడ్డువాడికి ఎవరు నేర్పారు? నేర్పనిచోట మిగిలింది ఒక్కటే పద్ధతి, గేజీ పెట్టు, గ్యాసు కొట్టు.

గేజీ చెప్పేది, చెప్పనిది

గేజీలు రెండు. నీలం రంగుది తక్కువ ఒత్తిడి వైపు, ఎర్రది ఎక్కువ ఒత్తిడి వైపు. ఏసీ నడుస్తున్నప్పుడు ఈ రెండూ కలిపి చదవాలి. రెండూ తక్కువగా ఉంటే గ్యాసు తక్కువ. రెండూ ఎక్కువగా ఉంటే గ్యాసు ఎక్కువ పోశారు, లేదా కండెన్సర్‌కి గాలి అందడం లేదు, అంటే ఫ్యాను పోయిందో, రెక్కల్లో దుమ్ము పేరుకుందో. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ అయితే కంప్రెసర్ అరిగిపోయి ఉండొచ్చు. నీలం సున్నా కిందికి పడిపోతుంటే దారిలో ఎక్కడో అడ్డం ఉంది. కాసేపు చల్లగా వచ్చి, ఆగిపోయి, కారు కాసేపు ఆపితే మళ్ళీ చల్లబడుతోందంటే, లోపల చేరిన తేమ సన్నటి ద్వారం దగ్గర మంచుగా గడ్డకడుతోందని అనుమానించాలి.

మోసపోయేది ఇక్కడే. ఏసీ ఆపి ఉన్నప్పుడు గేజీ చూపించి "చూడండి సార్, గ్యాస్ ఫుల్" అనో "సగమే ఉంది" అనో అంటారు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతకాలం ఒత్తిడి వేడిమి మీదే ఆధారపడుతుంది, ఎంత గ్యాసుందన్నదాని మీద కాదు. వంటగ్యాసు సిలిండర్ చివరిదాకా ఒకేలా మండినట్టు. ఆర్-134ఏ అయితే 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్‌ఐ, 40 డిగ్రీల దగ్గర సుమారు 133 చూపిస్తుంది, లోపల 200 గ్రాములున్నా 450 ఉన్నా. కాబట్టి గ్యాసు సరిగ్గా నింపాలంటే ఒకటే మార్గం: ఉన్నదంతా మిషన్‌లోకి తీసేసి, వాక్యూమ్ పెట్టి, బానెట్ కింద స్టిక్కరు మీద రాసిన బరువు ప్రకారం తూచి నింపడం.

సరే, బార్కస్ పెద్దాయన ఏం చేశాడో చెబుతాను. ముందు కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందా చూశాడు. తర్వాత టార్చి లైటు పట్టుకుని పైపుల జాయింట్లు ఒక్కొక్కటీ వేలితో తడిమాడు. కండెన్సర్ దగ్గర ఒక జాయింట్ మీద నూనె జిడ్డుకి దుమ్ము పట్టి నల్లగా ఉంది. గ్యాసు పోయినచోట ఆయిల్ కూడా కొంచెం పోతుంది కదా, ఆ మచ్చే లాగ్ ఫైలు. సబ్బు నురగ పెడితే బుడగ మెల్లగా ఉబ్బింది. లోపలి రబ్బరు రింగు ఎండిపోయి పగిలింది. రింగు మార్చాక అరగంట వాక్యూమ్ పెట్టి, వాల్వులు మూసి, చాయ్ తాగి రమ్మన్నాడు.

మేం తిరిగొచ్చేసరికి ముల్లు 28 దగ్గర కదలకుండా ఉంది. గేజీ మీద 30 దాకా గీతలున్నాయి, మరి 28 దగ్గరే ఆగిందేంటని అడిగాను. "ఇదర్ ఇత్తాచ్ ఆతా సాబ్, జిద్దా మే తీస్ తక్ ఆతా థా" అన్నాడు. ఇక్కడింతే వస్తుంది, జిద్దాలో ముప్పై దాకా వచ్చేది అని. ఇంటికొచ్చి లెక్కేస్తే నిజమే. జిద్దా సముద్రపొడ్డున ఉంది, హైదరాబాదు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి ఒత్తిడే దాదాపు 28 అంగుళాలు, అంతకు మించి వాక్యూమ్ రావడం అసంభవం. పుస్తకంలో చదివి '30 రాలేదు, లీకుంది' అనేవాడి కంటే ఈయన ఎంత మెరుగో చూడండి.

వాక్యూమ్ నిలిచింది కదాని ఆయన ఊరుకోలేదు. వాక్యూమ్‌లో జాయింట్ మీద పడేది బయటి గాలి ఒత్తిడి మాత్రమే, ఏసీ నడిచేటప్పుడు ఎక్కువ ఒత్తిడి వైపు దానికి పదిరెట్లకి పైగా ఉంటుంది. అందుకని తూకం వేసి నింపాక నడుస్తుండగా మళ్ళీ నురగ పెట్టి చూశాడు. మావాడి కారులో ఆ తర్వాత రెండు వేసవులు గ్యాసు జోలికి వెళ్ళలేదు.

న్యాయంగా చెప్పాలంటే, ఏ లీకూ లేని కారులో కూడా రబ్బరు పైపుల్లోంచీ, కంప్రెసర్ ఇరుసు దగ్గరా ఏడాదికి కొద్ది గ్రాములు పోతాయి. ఎనిమిదేళ్ళ కారుకి ఒకసారి నింపాల్సి వస్తే అది సహజం. ఏటా నింపాల్సి వస్తే మాత్రం అది రోగం. అన్నట్టు, కారు కింద కారే నీళ్ళు చూసి లీకనుకునేవాళ్ళూ ఉన్నారు. అది గాలిలోని తేమ, ఏసీ ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు.

ఎవరి జేబు, ఎవరి గాలి

"ఏడాదికోసారి కొంత డబ్బు, దానికింత రాద్ధాంతమా" అనొచ్చు మీరు. ఆర్-134ఏ ఓజోన్‌ని తినదు గానీ, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1400 రెట్లు బలమైనది. ఒక కారులో పట్టే 450 గ్రాములు గాలిలోకి వదిలితే, సుమారు 280 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. లీటరుకి 15 కిలోమీటర్లు వేసుకుంటే 4200 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విశాఖపట్నం మూడుసార్లు వెళ్ళి రావచ్చు. మనం ఇంట్లో కూర్చుని ఉండగానే, ఒక రబ్బరు రింగు మార్చనందుకు.

ఇంకోటి, నకిలీ గ్యాసు. 2011లో ఓడల మీద వెళ్ళే చల్లటి కంటైనర్లలో ఆర్-134ఏ పేరుతో మిథైల్ క్లోరైడ్ కలిసిన గ్యాసు నింపారు. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే అంటుకునే పదార్థంగా మారింది. వియత్నాంలో, బ్రెజిల్‌లో కంటైనర్లు పేలి పనివాళ్ళు చనిపోయారు. కారు ఏసీలోనూ చాలా భాగాలు అల్యూమినియంవే. మాటిమాటికీ గ్యాసు నింపించడమంటే, ఆ సిలిండర్లో ఏముందో తెలియని జూదం మాటిమాటికీ ఆడటమే.

ముందు ముందు సంగతి ఇంకా ఉంది. 2016 నాటి కిగాలీ సవరణని మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఇలాంటి గ్యాసుల వాడకం 2028లో ఒక గీత దగ్గర ఆగాలి, 2032 నుంచి తగ్గుతూ 2047కి 85 శాతం తగ్గాలి. యూరప్‌లో 2017 నుంచే కొత్త కార్లలో ఆర్-134ఏ లేదు. దాని బదులు వచ్చిన ఆర్-1234వైఎఫ్ ఖరీదు ఎక్కువ, కొంచెం మండే గుణం కూడా ఉంది. ఇక ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి బ్యాటరీని చల్లబరిచేది కూడా ఈ ఏసీయే, కంప్రెసర్ నడిచేది వందల వోల్టుల మీద. దాంట్లో పొరపాటున మామూలు కార్ల ఆయిల్ పోస్తే కరెంటు ఇన్సులేషనే దెబ్బతింటుంది. 'గేజీ పెట్టు, గ్యాసు కొట్టు' బాపతు వైద్యం అక్కడ నడవదు.

2024 ఏప్రిల్‌లో హైదరాబాదులో క్యాబ్ డ్రైవర్ల యూనియన్ 'నో ఏసీ' ప్రచారం చేసింది, గుర్తుందా? మనం ఇచ్చే కిరాయి ఏసీ ఖర్చుకి గిట్టుబాటు కావడం లేదని వాళ్ళ గోడు. వెనక సీట్లో చెమటలు కక్కుతూ రేటింగ్ తగ్గించేటప్పుడు మనకి తట్టదు గానీ, ఆ ఖర్చులో ఏటేటా కొట్టించే గ్యాసూ, అది లేక పట్టేసిన కంప్రెసరూ ఉంటాయి. రోగం సరిగ్గా కనిపెట్టగలిగే చెయ్యి ఊళ్ళో ఎంతమందికి ఉందన్నది వాళ్ళ బతుకుతెరువు సంగతి.

గల్ఫ్ నుంచి ఇంటికి పంపిన డబ్బుని లెక్కపెట్టాం గానీ, తిరిగొచ్చినవాళ్ళ చేతుల్లో వచ్చిన విద్యని ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ పెద్దాయన దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు పని నేర్చుకుంటున్నారు. సర్టిఫికెట్ లేదు, సిలబస్ లేదు. ఆయన తర్వాత ఆ ఇద్దరే.

మనం చెయ్యగలిగింది చిన్నదే. ఈసారి ఏసీ చల్లబడకపోతే షెడ్డులో మూడు ప్రశ్నలు వెయ్యండి. గ్యాసు ఎక్కడికి పోయింది? ఉన్న గ్యాసుని గాలిలోకి వదులుతారా, మిషన్‌లోకి తీస్తారా? తూచి నింపుతారా? వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పినవాడికి ఆ వెతుకులాటకైన కూలి బేరమాడకుండా ఇవ్వండి. మన దేశంలో గ్యాసుకి బిల్లు ఉంటుంది, ఆలోచించినందుకు ఉండదు. మనకి నెల తిరగ్గానే జీతమిచ్చేది కూడా ఆలోచించినందుకే కదా :)